మనవాడి విమానం

బందరు,
జూలై 25.

సుభా,

నీ ఉత్తరం అవనిగడ్డ నుంచి బందరు రావడానికి నాలుగు రోజులు పట్టింది. నడిచొచ్చినా ఇంతకంటే ముందే చేరేది. ఫోన్ చేసుకోవచ్చు కదా అని మా వారు నవ్వుతారు. ట్రైనింగ్ కాలేజీ హాస్టల్లో ఒకే గదిలో ఉంటూ కూడా చీటీలు రాసుకున్నవాళ్ళం మనం, ఆయనకేం తెలుసు! పైపై కబుర్లకి ఫోను, కడుపులో మాటకి ఉత్తరం. నలభై ఏళ్ళ అలవాటు ఇప్పుడెందుకు మానడం?

అసలు సంగతికి వస్తాను. అన్నయ్యగారు చెల్లెలి గృహప్రవేశానికి ఒకటిన్నర రోజు రైల్లో కూర్చుని వెళ్తారా? ఆ నడుంనొప్పితోనా? వరికోత మిషన్ మీదెక్కి తిరిగే మనిషి విమానమంటే భయపడితే ఎలాగమ్మా? మా అనంతకృష్ణకి ఆగస్టు పదో తారీఖు మధ్యాహ్నం హైదరాబాదు నుంచి సరిగ్గా అదే ఊరికి డ్యూటీ పడింది. గృహప్రవేశం పదకొండు. ఇంకేం కావాలి? మనవాడు నడిపే విమానం. వాడు కో పైలట్టే అనుకో, పక్కన పెద్ద కెప్టెన్ గారుంటారు. ఆయనది ముప్ఫై ఏళ్ళ సర్వీసు, వీడికి పని నేర్పింది ఆయనే. ఆయన పేరెత్తితే వీడు కూర్చున్నవాడు లేచి నిలబడతాడు.

రైలు టిక్కెట్టు కాన్సిల్ చేసెయ్. అన్నయ్యగారు మొండికేస్తే హెడ్మిస్ట్రెస్ ఆర్డరని చెప్పు. రిటైరైనా నా ఆర్డర్లు ఇంకా చెల్లుతాయి.

నీ
రత్నం


అవనిగడ్డ,
జూలై 31.

రత్నం,

ఆర్డరు చదివి వినిపించాను. ముందు "నేను రైల్లోనే వెళ్తా, నేలమీద ఉంటే నాకు ధైర్యం" అన్నారు. మనవాడు నడుపుతున్నాడని రాసినచోట రెండోసారి చదవమన్నారు. ఇంక చూస్కో! సాయంత్రానికల్లా ఎరువుల కొట్టులో, మంగలి షాపులో, పాలకేంద్రంలో చెప్పని చోటు లేదు. మా అనంత్ విమానంలో వెళ్తున్నా, మా అనంత్ విమానంలో వెళ్తున్నా. విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి.

రైలు టిక్కెట్టు నేనే నా చేత్తో ఫోన్లో కాన్సిల్ చేశాను. సుష్మిత గుడివాడ నుంచి వచ్చినప్పుడు నేర్పింది. అక్కడ కాలేజీలో పాఠాలు చెప్పినట్టే ఇంట్లో నాకూ చెప్తుంది. నేను ఒకటంటే తను రెండంటుంది. "అనంత్‌ని చూసి నేర్చుకోవే, పెద్దవాళ్ళతో ఎంత ఒద్దికగా మాట్లాడతాడో" అని మొన్న కూడా తిట్టాను. నీ పెంపకం నీదే తల్లీ, నాకు చేతకాలేదు.

వాడికిష్టమని గోంగూర పచ్చడి సీసా పంపుతున్నాను. లోపలికి రానివ్వరంటోంది సుష్మిత. వాడు పైలట్టు కదా, వాడి పేరు చెబితే వదలరా? ఈయన అడగమన్న ప్రశ్న ఇంకోటుంది. మరీ కుదుపులొస్తే కొంచెం మెల్లగా తోలమని అనంత్‌తో చెప్పొచ్చా అని. నవ్వకు, నిజంగానే అడిగారు.

సుభ


బందరు,
ఆగస్టు 27.

సుభా,

పదిహేడు రోజులైంది. రోజూ కలం తీస్తున్నాను, పెట్టేస్తున్నాను.

ఆ రోజు టీవీలో కొండమీది ఎయిర్‌పోర్టు చూపించారు. వానలో విమానం రన్‌వే దాటిపోయి, కింద వాలులో పడి ఉంది. అది అనంత్ విమానమని తెలియగానే నేను నా కొడుకు కోసమే ఏడ్చాను. నీ దగ్గర అబద్ధమెందుకు? అన్నయ్యగారు అందులోనే ఉన్నారన్నది పది నిమిషాల తర్వాత గుర్తొచ్చింది. ఆ పది నిమిషాలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది.

పంతొమ్మిది మంది పోయారు. ఎడమవైపు ముందుభాగం మొత్తం నలిగిపోయిందట. కెప్టెన్ గారు అక్కడే పోయారు. కుడివైపు కూర్చున్న మావాడు కాలు రెండు చోట్ల విరిగి, పక్కటెముకలు విరిగి బతికాడు. మేము ఆ ఊరి ఆస్పత్రిలో ఉండిపోయాం. అన్నయ్యగారి దహనానికి రాలేకపోయాను. నీ పక్కన కూర్చోలేకపోయాను. నిన్ననే వాణ్ణి ఇంటికి తీసుకొచ్చాం.

వాడు ఏమీ మాట్లాడటం లేదు. అడిగితే గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. నిన్ను చూడాలని ఉంది. రమ్మంటే వస్తాను.

రత్నం


అవనిగడ్డ,
సెప్టెంబర్ 12.

సీతారత్నం గారికి,

మీ ఉత్తరం అందింది. పెద్దకర్మ అయింది. గుడివాడలో ఉండే మా బావగారు, అంటే మా వారి అన్నగారు, అన్నీ దగ్గరుండి జరిపించారు.

ఆయన ముందు వరుసలో ఎడమవైపు సీటు తీసుకున్నారు. మనవాడికి దగ్గరగా ఉంటుందని కౌంటర్లో అడిగి మరీ తీసుకున్నారట. ఎక్కి కూర్చున్నాక సుష్మితకి ఫోన్ చేశారు. అనంత్ బయటికొచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టాడని, చుట్టూ ఉన్నవాళ్ళంతా చూశారని సంబరపడ్డారు. కూతురితో ఆయన మాట్లాడిన ఆఖరి మాటలు అవే.

ఇక్కడ తలా ఒకటి అంటున్నారు. నేనవేం పట్టించుకోవడం లేదు. మిమ్మల్ని ఒక్కటే అడుగుతాను, నిజం చెప్పండి. మీవాడు చెయ్యాల్సిందంతా చేశాడా?

మీరు ఇప్పుడు రావద్దు.

సుభాషిణి


బందరు,
అక్టోబర్ 3.

సుభా,

నువ్వు నన్ను మీరు అంటే ఎవరో పరాయివాళ్ళ ఉత్తరం పొరపాటున నాకొచ్చిందనిపించింది.

ఆ రోజు అక్కడ కుండపోత వాన. ముందురోజు నుంచీ తెరిపి లేదట. గాలి వెనకనుంచి తోసింది. వెనకగాలి ఉంటే విమానం అనుకున్నచోట నేలకి ఆనదుట. రన్‌వే మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి. చక్రాలు పట్టలేదు. ఆ ఎయిర్‌పోర్టు కొండని చదును చేసి కట్టినది, రన్‌వే అయిపోతే ఇంక వాలే. ఇవన్నీ కలిసొచ్చాయి. ఎంక్వయిరీ జరుగుతోంది. తేలేదాకా ఎవరితోనూ ఏమీ మాట్లాడొద్దని కంపెనీ వాళ్ళు గట్టిగా చెప్పి వెళ్ళారు.

అనంత్‌కి కాలికి రెండో ఆపరేషన్ అయింది. రాడ్ వేశారు. జ్వరం నాలుగు రోజులు తగ్గలేదు. ఇప్పుడు నయం. ఒక ఇడ్లీ తింటున్నాడు. కర్ర పట్టుకుని గుమ్మందాకా వస్తున్నాడు. మా వారు వాడి పక్కనే మంచం వేసుకుని పడుకుంటున్నారు. సుష్మితకి నా ఆశీస్సులు చెప్పు.

రత్నం


అవనిగడ్డ,
అక్టోబర్ 14.

సీతారత్నం గారికి,

మీ ఉత్తరం నిండా వాన ఉంది, మీవాడి కాలు ఉంది. నేనడిగిన దానికి జవాబు లేదు. మీరు లెక్కల టీచరు. ప్రశ్న వదిలేసి తోచింది రాసిన పిల్లలకి మీరు ఎన్ని మార్కులు వేసేవారో నేను పక్క కుర్చీలో కూర్చుని చూశాను.

ఇకమీదట నాకు రాయకండి.

సుభాషిణి


బందరు,
జనవరి 20.

సుభా,

రాయొద్దన్నావు, అయినా రాస్తున్నాను. చించెయ్యాలనిపిస్తే చదివాక చించు.

నీ ప్రశ్నకి జవాబు: లేదు. వాడు చెయ్యాల్సిందంతా చెయ్యలేదు.

ఇది నాకు సెప్టెంబర్లోనే తెలుసు. నువ్వు అడిగేసరికే వాడు నాకు చెప్పేశాడు. తెలిసీ నీకు వాన గురించి రాశాను. కంపెనీ వాళ్ళు వద్దన్నారన్నది సాకు. నా కొడుకుని నీ ముందు దోషిలా నిలబెట్టడానికి నాకు చేతులు రాలేదు, అంతే.

జరిగింది చెప్తాను. దిగడానికి వస్తున్నప్పుడు విమానం ఉండాల్సిన దానికంటే ఎత్తులో ఉంది, వేగం కూడా ఎక్కువుంది. అలా ఉంటే దిగకూడదు. "గో అరౌండ్" అని పైకి అనాలి. అంటే దిగడం మానేసి, విమానాన్ని మళ్ళీ లేపి, ఒక చుట్టు తిరిగి రావాలి. పక్కనున్నది ఎంతటి పెద్దవాడైనా సరే, కో పైలట్ ఆ మాట అనాలి. రెండుసార్లు అన్నా ఆయన వినకపోతే విమానాన్ని తన చేతిలోకి తీసుకోవాలి. ఇది వాళ్ళ రూలు. ఈ రూలు మీద పెట్టిన పరీక్షలో అనంత్‌కి వందకి వంద.

ఆ రోజు వాడేమన్నాడో తెలుసా? "సార్, ఒకసారి స్పీడు చూస్తారా?" అన్నాడు. ఆయన "చూస్తున్నా" అన్నారు. ఇంకాస్త కిందికొచ్చాక "సార్, ఇంకోసారి చూద్దామా?" అన్నాడు. ఆయన పలకలేదు. వీడు ఊరుకున్నాడు. అంత అనుభవం ఉన్న మనిషికి తెలియకుండా ఉంటుందా, ఆయనే చూసుకుంటారులే అనుకున్నాడట. అప్పటినుంచి చక్రాలు నేలకి తగిలేదాకా పదకొండు సెకన్లు. రన్‌వే సగం దాటాక తగిలాయి.

వాడన్నది ఇంగ్లీషులోనే. కానీ ఆ పద్ధతి మాత్రం మా ఇంటిది సుభా. మా మావగారి కాలం నుంచీ మా ఇంట్లో పెద్దవాళ్ళు తప్పు చెప్తే పిల్లలు "తప్పు" అనకూడదు. "ఇంకోసారి చూస్తారా" అని అడగాలి. పెద్దవాళ్ళు చూసుకుని తామే దిద్దుకుంటారు. వాళ్ళ పరువూ నిలుస్తుంది, తప్పూ పోతుంది. అనంత్ ఆరో క్లాసులో ఉన్నప్పుడు ఇంటికి డీఈఓ గారొచ్చారు. మాటల్లో మా వారు ఏదో లెక్క నోటితో కట్టి ఒక అంకె తప్పు చెప్పారు. వీడు గదిలోంచి "తప్పు నాన్నా!" అని అరిచాడు. డీఈఓ గారు వెళ్ళాక నేను వాడి చెంప పగలగొట్టాను. వాడి జన్మలో వాణ్ణి కొట్టింది ఆ ఒక్కసారే. మళ్ళీ వాడు ఎవరినీ తప్పనలేదు. అందరూ మెచ్చుకున్నారు. నువ్వూ మెచ్చుకున్నావు. నేను మురిసిపోయాను.

అన్నయ్యగారిని ఆ విమానం ఎక్కించింది నేను. ఆ విమానంలో నోరు విప్పాల్సినవాడి నోరు ఇరవై ఏళ్ళ కిందటే నొక్కేసింది నేను. ఇది వాడి మీద కోపం తగ్గించమని రాయడం లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

వాడు ఎంక్వయిరీలో అంతా చెప్పేశాడు. రేపో మాపో పేపర్లో వస్తుంది. పేపర్లో చూసి నువ్వు తెలుసుకోకూడదు.

రత్నం


అవనిగడ్డ,
మార్చి 7.

రత్నం,

నీ ఉత్తరం చదివిన రోజున నాకు ఒళ్ళు మండిపోయింది. నీ ఇంటికొచ్చి, నలుగురూ వినేట్టు నిన్ను కడిగేద్దామని బందరు బస్సెక్కాను. మోపిదేవిలో దిగిపోయాను. అక్కడ బస్టాండులో చాలాసేపు కూర్చుని, తిరుగు బస్సెక్కి ఇంటికొచ్చాను. నిన్ను చూస్తే తిట్టలేనని భయమేసింది. తిట్టాలని ఉంది, ఇప్పటికీ ఉంది.

పదకొండు సెకన్లంటే ఎంతో చూద్దామని గోడగడియారం ముందు నిలబడ్డాను. చాలా ఎక్కువ రత్నం. పదిసార్లు అరవొచ్చు. మా సుష్మిత అయితే ఆ పెద్దాయన చొక్కా పట్టుకుని అరిచేది. నీ కొడుకుని చూపించి ఆ పిల్లని ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు. నిన్న దాన్ని కూర్చోబెట్టి, నువ్వు నాకెన్ని అడ్డం చెప్పినా ఇంక ఏమీ అననే అని చెప్పాను. "అలా అంటే నాకు భయమేస్తోంది, మామూలుగానే తిట్టమ్మా" అంది.

ఇంకో మాట. నేనే ఎక్కించాను అని రాశావు. నువ్వు చెప్పావు. రైలు టిక్కెట్టు కాన్సిల్ చేసింది నేను. మీట నొక్కింది ఈ వేలే. అన్నీ నీ నెత్తిన వేసుకోకు, నాది నాకుండనీ.

అనంత్ మీద నా కోపం పోలేదు. పోతుందో లేదో తెలీదు. తిథి ప్రకారం జూలై ముప్ఫైన ఆయన సంవత్సరీకం. వాణ్ణి పంపు. నాకు రాసిందంతా వాడు తన నోటితో మా వాళ్ళందరి ముందూ చెప్పాలి. అది వింటే తప్ప వాడి ముఖం చూడగలనో లేదో నాకే తేలదు. నువ్వు మాత్రం రావద్దు. నువ్వుంటే వాడు నీ ముఖం చూసి మాట్లాడతాడు.

సుభ


బందరు,
జూలై 22.

సుభా,

రిపోర్టు వచ్చింది. వాడి లైసెన్సు ఆపేశారు. వాడు నాకు చెప్పిందే, నేను నీకు రాసిందే అందులోనూ ఉంది, నంబర్లు వేసి.

ముప్ఫైన వాడొక్కడే బస్సులో వస్తాడు. కర్ర ఉంది, నడవగలడు. అక్కడ ఎవరైనా ఒక మాటంటే తట్టుకోగలడా అని మా వారు బెంగపడుతున్నారు. నా బెంగ అది కాదు. పది రోజుల కిందట మా వారు కరెంటు బిల్లు గడువు తేదీ తప్పు చదివారు. వాడు పక్కనే ఉన్నాడు. "ఇంకోసారి చూస్తారా నాన్నగారూ" అన్నాడు. అన్నాక వాడే తెల్లబోయి నా వంక చూశాడు. ఇంత జరిగాక కూడా నోటికి అదే వస్తోంది. అరవై మంది పెద్దవాళ్ళ ముందు వాడు ఏం మాట్లాడతాడో, అసలు మాట్లాడతాడో లేదో నాకు తెలీదు.

వాడు చెప్పలేకపోతే నువ్వేం చేసినా సరేనంటాను.

రత్నం


అవనిగడ్డ,
ఆగస్టు 2.

రత్నం,

మొన్న అనంత్ వచ్చాడు. సగానికి సగమయ్యాడు. గేటు దగ్గర నిలబడి "అత్తయ్యా" అన్నాడు. నేను లోపలికి రమ్మని చెయ్యి ఊపాను.

తంతు అయ్యాక అందరూ పెరట్లో షామియానా కింద కూర్చున్నారు. గుడివాడ బావగారు వాణ్ణి పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. వాడు నోరు విప్పకముందే ఆయనే మొదలుపెట్టారు. "ఈ అబ్బాయి చేసిందేం లేదు. తప్పంతా ఆ కెప్టెన్‌ది. చేసినవాడు పోయాడు, మన శోభనాద్రీ పోయాడు, ఇంక ఈ మాట ఇక్కడితో సరి" అన్నారు. ఆయన మంచికే అన్నారు, ఎవరూ వాణ్ణి ఏమీ అనకూడదని. అందరూ తలలూపారు. మా ఇంట్లో బావగారి మాటంటే మాటే. మా ఆయన అరవై రెండేళ్ళు బతికి ఒక్కసారి కూడా ఆయనకి ఎదురు చెప్పలేదు.

నేను వంటింటి గుమ్మంలో నిలబడి అనంత్‌నే చూస్తున్నాను. తల దించుకున్నాడు. అయిపోయింది, ఇంక "ఇంకోసారి ఆలోచిస్తారా అండీ" అని నసుగుతాడు అనుకున్నాను. అలా నసిగితే ఆ పూటతో నీకూ నాకూ కూడా చెల్లు అనుకున్నాను.

వాడు లేచాడు. "తప్పండీ, మీరు చెప్పింది తప్పు" అన్నాడు. వీధిలో స్కూటర్ మీద వెళ్తున్న మనిషి ఆపి లోపలికి చూశాడు, అంత గట్టిగా అన్నాడు. "విమానం దిగకూడదని నాకు తెలుసు. తెలిసి చెప్పలేదు. చెప్పి ఉంటే మావయ్యగారు ఇవాళ ఇక్కడ కూర్చుని ఉండేవారు" అన్నాడు. బావగారు "ఊరుకోవయ్యా, నేను చెప్తున్నాగా" అన్నారు. "ఊరుకోనండీ" అన్నాడు. ఎత్తెంత ఉందో, వేగమెంత ఉందో, తనేమన్నాడో, ఏమనాల్సిందో అన్నీ చెప్పాడు. చివరిదాకా గొంతు తగ్గలేదు. సుష్మిత కదలకుండా నిలబడి వింది. బావగారు కండువా దులుపుకుని వెళ్ళి వరండాలో కూర్చున్నారు. భోజనానికి లేపడానికి చాలా కష్టమైంది.

అనంత్‌కి నేనే వడ్డించాను. నాలుగు ముద్దలు తిన్నాడు. వెళ్తూ నా కాళ్ళకి దణ్ణం పెడతానంటే కాలు బాగుపడ్డాక పెడుదువుగాని అన్నాను. సుష్మిత బస్టాండు దాకా దిగబెట్టింది.

అందరూ వెళ్ళాక వంటింట్లో తలుపేసుకుని ఏడ్చాను. ఏడాదిలో అంత ఏడవలేదు. వాడి మీద జాలితో ఏడుస్తున్నాననుకుని వంటకొచ్చిన పాపాయమ్మ తలుపవతల నుంచి ఓదార్చింది. జాలి కాదు రత్నం. అంత గొంతు వాడికి ఉందే! వాడికి గొంతే లేదనుకుని ఇన్నాళ్ళూ ఎలాగో సర్దుకున్నాను. ఉంది. నా చెవులతో విన్నాను.

నువ్వు రా.

సుభ